పేరు చెక్కని క్యూ

సరే, అందరూ ఆన్‌లైన్లోనే చచ్చారు కదా. దెయ్యం కథ చెప్పు, దెయ్యం కథ చెప్పు అని పొద్దున్నుంచి నా ప్రాణం తోడేస్తున్నారు కాబట్టి చెప్తున్నా. మధ్యలో ఎవడైనా పళ్ళికిలించే బొమ్మ పెట్టాడో, గ్రూపులోంచి పీకేస్తా. ఫాస్టుగా కొడుతున్నా, తప్పులుంటే సర్దుకోండి. నాకసలు ఓపిక లేదు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది.

ముందే చెప్తున్నా, ఇది రాత్రి జరగలేదు. పట్టపగలు జరిగింది. అదే నా బాధ. రాత్రయితే కల వచ్చిందని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

మా షాపు తెలుసుగా. పైన గుండు మామ పూల్ క్లబ్బు, కింద మాది, షాపు వెనకే ఇల్లు. పూల్ ఆడే క్యూలు, అవే కర్రలు, విరిగినా వంగినా చివర తోలు ఊడినా నాన్నే బాగుచేస్తాడు. కావాలన్నవాళ్ళకి కొత్తవీ చేసిస్తాడు. పైన బంతులు టక్ టక్ అంటుంటే కింద మాకు వినపడుతూనే ఉంటుంది. ఎప్పుడూ చెక్కపొడి వాసన, వార్నిష్ వాసన. నా జుట్టుక్కూడా అదే వాసన, బళ్ళో నా పక్కన కూర్చునేది రోజూ తుమ్ముతుంది.

మా తలుపు గురించి కూడా చెప్పాలి. వాన పడితే ఉబ్బిపోయి బిగుసుకుంటుంది. పిడి కొంచెం పైకెత్తి, కింద మూల మీద కాలితో ఒక్కటి తన్నాలి. ఇల్లు గుండు మామదే, ఆయన అమ్మకి సొంత అన్న, అయినా ఆయనకి ఇప్పటికీ రాదు. బయట నిలబడి "కోడలా, తియ్యవే, తడిసిపోతున్నా" అని అరుస్తాడు. నేను కావాలనే లేటు చేస్తా.

ఆ రోజు వాన. నేను స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నా. తలుపు దబ్బున తెరుచుకుంది. ఒక్క తన్నుకే. డ్యూటీ నుంచి అమ్మ వచ్చిందనుకుని తల కూడా ఎత్తలేదు.

అమ్మ కాదు. రెయిన్‌కోటు వేసుకున్న ఒకావిడ. వయసైపోయింది. ముఖం బాగా అలిసిపోయి ఉంది, ఎంత దూరం నుంచి నడిచొచ్చిందో అన్నట్టు. ఎడమ చెయ్యి కోటు జేబులోనే పెట్టుకుంది. కుడిచేత్తో సంచిలోంచి క్యూ తీసి కౌంటర్ మీద పెట్టింది. నన్ను కాసేపు చూసింది. అలా చూస్తే నాకు చిరాకు.

"ఏంటండీ, రిపేరా?" అన్నా.

"రిపేరు కాదమ్మా. ఇది ఎవరు చేశారో కనుక్కోవాలి. పేరు లేదు దీని మీద."

నాన్న లోపల్నుంచి వచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఈ పనంటే ఆయనకి పిచ్చి. కర్ర చూసి ఎవరి పనో చెప్పేస్తాడు. రెండు ముక్కలు కలిసే చోట మర ఎలా తిరిగింది, నల్లచెక్కలో తెల్లచెక్క మంటల్లా అతికిస్తారే, ఆ మొనలు ఎంత సన్నగా తేలాయి... అవి చూస్తే చాలు. "చెక్క మీద ఎవడి చెయ్యి వాడిదే, దాచలేడు" అంటాడు.

"దాందేముందమ్మా, రేపు రండి, చెప్పేస్తా" అన్నాడు నాన్న.

ఆవిడ నాన్నని చూసింది. చాలాసేపు చూసింది. "తొందరేం లేదు. దొరికినప్పుడే వస్తాను" అని వెళ్ళిపోయింది.

నాన్న నాలిక కరుచుకున్నాడు. "అయ్యో, ఫోన్ నంబరు తీసుకోలేదే."

రేపు అన్నాడా... రేపు కాదు కదా, ఎల్లుండి కూడా చెప్పలేకపోయాడు. కింద రబ్బరు బిళ్ళ విప్పి లోపల చూశాడు, కొంతమంది అక్కడ దాచి గుర్తు పెడతారట. లేదు. మర విప్పి చూశాడు. లేదు. కర్ర మాత్రం బాగా పాతది. వార్నిష్ కాచిన టీ రంగులోకి తిరిగింది, రబ్బరు రాయిలా గట్టిపడింది. "నువ్వు పుట్టకముందుది బుజ్జీ ఇది" అన్నాడు. పిడి దగ్గర అయితే వేళ్ళ గుంటలు పడ్డాయి. అంత ఆడారు దానితో. "ఎడమచేతి వాటం మనిషి. బొటనవేలు కొంచెం వంకర. నీలాంటి తేడా గాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట లోకంలో" అని నవ్వాడు.

నాది ఎడమచేతి వాటమే, మీకు తెలుసు. చిన్నప్పుడు బొటనవేలు బీరువా తలుపులో పడింది, అదీ తెలుసు. చెయ్యి పెట్టి చూద్దామని సరదాగా వెళ్ళా. నాన్న ఠక్కున నా చెయ్యి మీద కొట్టాడు. మా పనిలో అదొక పట్టింపు. కస్టమర్ కర్రని పిడి దగ్గర పట్టుకోకూడదు. మధ్యలోనే పట్టుకోవాలి. పిడి దాని మనిషిదే.

కొత్త క్యూ చేసేటప్పుడు కూడా నాన్నకో పద్ధతుంది. వచ్చిన మనిషి అరచేతికి, వేళ్ళకి నీలం చాక్ రుద్దుతాడు. కర్ర చివరకి రాసే చాకే. "చెయ్యి ఇవ్వండి" అని భలే మర్యాదగా అడుగుతాడు. ఆ చేత్తో వాళ్ళని పచ్చి కర్ర పట్టుకోమంటాడు. నీలం ఎక్కడెక్కడ అంటిందో చూసి, బరువు ఎక్కడ పెట్టాలో లెక్కేసుకుంటాడు. నాకూ ఒకటి చెయ్యమని ఎప్పట్నుంచో ఏడుస్తున్నా. "పొడుగు ఆగనీ, అప్పుడు చేస్తా. ఇప్పుడు చేస్తే వచ్చే ఏడాదికి చెవి గోక్కోడానికే" అంటాడు.

సరే, అసలు విషయానికొస్తా. నాన్నకి నిద్ర పట్టడం ఆగిపోయింది.

ముందు మాకూ నవ్వులాటే. రాత్రి లేచి చూస్తే మంచం మీద కూర్చుని కర్ర తిప్పుతూ ఉండేవాడు. "ఈ చెయ్యి నాకు తెలుసు బుజ్జీ. బాగా తెలుసు. పేరు నోటిదాకా వస్తోంది, బయటికి రావట్లేదు" అనేవాడు. తర్వాత నవ్వు పోయింది. కళ్ళు లోపలికి పోయాయి. అన్నం కలిపి, తినడం మర్చిపోయి చెయ్యి ఆరేదాకా కూర్చునేవాడు. ఒకరోజు లేత్ మీద పనిచేస్తూ తూలాడు. లేత్ అంటే కర్రని గిర్రున తిప్పి చెక్కే మెషిన్. షర్టు చెయ్యి లాక్కుపోయింది. గుడ్డ చిరిగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే...

అమ్మ ఏడ్చింది. అమ్మ ఏడవదు, మీకు తెలుసు, ఆసుపత్రిలో రోజూ ఎన్నో చూస్తుంది. "ఆ దిక్కుమాలిన కర్ర బయట పారెయ్యండి. మనిషి నిద్ర లేకుండా ఎన్నాళ్ళుంటాడనుకుంటున్నారు? నేను చూశాను ఏమవుతారో" అంది.

"పారేస్తే మాత్రం ఆగుతుందా? పేరు తెలిస్తే పడుకుంటా. అంతే" అన్నాడు నాన్న. అంత నీరసమైన గొంతు నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు డిసైడయ్యా. ఆ పేరేదో నేనే కనిపెడతా, మా నాన్న పడుకుంటాడు అని.

ఫోటోలు తీసి పూల్ ఆడేవాళ్ళ గ్రూపులన్నిట్లో పెట్టా. ఒకడు అదన్నాడు, ఒకడు ఇదన్నాడు, ఒకడు నా నంబరు అడిగాడు, బ్లాక్. ఏం లాభం లేదు. మళ్ళీ వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, బడి లేదు, అమ్మ డ్యూటీలో ఉంది. నాన్న గోడకి ఆనుకుని కళ్ళు తెరుచుకునే కూర్చున్నాడు. నేను ఫోన్ లైటు వేసి కర్ర పక్కన ఏటవాలుగా పెట్టి చూశా. నున్నగా కనపడే చెక్క కూడా పక్కనుంచి లైటు కొడితే గీతలు బయటపెడుతుంది.

కనపడ్డాయి. వార్నిష్ కింద, సన్నగా. ఒక లోతు గీత, దాని పక్కనే ఇంకో చిన్న గీత. కొంచెం దూరంలో మళ్ళీ అదే జంట. మళ్ళీ అదే.

లైటు ఇంకా దగ్గరగా పెట్టి మళ్ళీ చూశా.

ఎందుకంటే ఆ జంట గీతలు నాకు తెలుసు. ఈ వానాకాలం మొదట్లో మా షాపు పై నుంచి కిందకి మార్చాం. లేత్ దించుతుంటే గుండు మామ మెట్ల మీద చెయ్యి వదిలేశాడు. పడింది. ఉలిని ముందుకి జరిపే పొడుగాటి మర ఉంటుంది దానికి, ఆ మరలో ఒకచోట నొక్కు పడింది. అప్పట్నుంచి ఏ కర్ర చెక్కినా చుట్టుకొకసారి ఉలి ఎగిరి, ఆ జంట గీత పడుతుంది. నాన్న ప్రతిసారీ గుండు మామని తిట్టుకుంటూ సాండ్‌పేపర్ పెట్టి అరగదీస్తాడు. ఒక్కటి కూడా వదలడు. అంటే... కళ్ళు తెరుచుకుని చేస్తే వదలడు.

చెత్తబుట్టలోంచి ముందురోజు చెక్కిన ముక్క తీశా. రెండూ పక్కపక్కన పెట్టి గోరు పెట్టి లాగా. టిక్. టిక్. రెండిట్లో ఒకేసారి. గీతకి గీత సరిపోయింది.

"నాన్నా... ఇది మన మెషినే."

నాన్న వచ్చి గోరు పెట్టి చూశాడు. ఆశ్చర్యపోతాడనుకున్నా. పోలేదు.

"అవును. మనదే."

"మరి చేసిందెవరు?"

"మన మెషిన్ మీద నేను కాక ఇంకెవరు చేస్తారే?" అని మెల్లిగా నవ్వాడు. "ఇదా... ఇదా నోటిదాకా వచ్చింది."

"కానీ ఇది పాతది కదా నాన్నా. మెషిన్ పడింది మొన్నేగా. నువ్వు ఇది చెయ్యలేదు కదా?"

"చెయ్యలేదు" అన్నాడు. కర్ర కౌంటర్ మీద పెట్టి, "ఇంకా" అన్నాడు.

అది జోకేమో అని ముఖంలోకి చూశా. ఆయన అప్పటికే చెక్క అడ్డు వెనకాల ఉన్న మడతమంచం వైపు నడుస్తున్నాడు. "అమ్మయ్య" అన్నాడు. పడుకున్నాడు. క్షణంలో గురక.

ఒట్టు, ఆ గురక వింటే నాకు ఏడుపొచ్చింది. అన్నీ మర్చిపోయా. పాత కర్రయితేనేం, మన మెషినయితేనేం, ఆయన పడుకున్నాడు, చాలు. అమ్మకి మెసేజ్ పెట్టా. "దేవుడా, లేపకు. బాత్రూం తలుపు కూడా వెయ్యకు" అని రిప్లై.

అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. పైన బంతుల చప్పుడు ఆగింది. "జనరేటర్ ఏదిరా" అని గుండు మామ అరుపు, తర్వాత అదీ ఆగింది. బయట మబ్బు ఎంత మూసిందంటే పగలే చీకటి. తలుపు మూసి ఉంది, కింద సందులోంచి బూడిద రంగు వెలుతురు పలచగా వస్తోంది. మా ఇంట్లో ఒక అలవాటుంది, కరెంటు పోగానే లేత్ ప్లగ్గు పీకెయ్యాలి. తిరిగొచ్చినప్పుడు మెషిన్ ఒక్కసారి కుదుపుతుందని. వెళ్ళి పీకా. వైరు నేల మీద పడేసి వచ్చి కూర్చున్నా.

వాన. గురక. తడిసిన గోడ వాసన. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆయన నిద్రపోని రోజులన్నీ నేనూ సగం సగమే పడుకున్నా.

ర్ర్ర్ర్ర్...

కరెంటు వచ్చిందనుకున్నా. తలెత్తి ఫ్యాను చూశా. తిరగట్లేదు.

ర్ర్ర్ర్... మధ్యలో టిక్. ర్ర్ర్ర్... టిక్.

వేడెక్కిన చెక్క వాసన. అప్పుడే చెక్కుతుంటే వస్తుందే, కొంచెం తియ్యగా, కొంచెం మాడినట్టు... అది.

గురక మాత్రం ఆగలేదు. కానీ మంచం వైపు నుంచి రావట్లేదు.

ఫోన్ లైటు వేసుకుని వెళ్ళా. కాళ్ళ కింద చెక్కపొట్టు. వెచ్చగా ఉంది. లేత్ దగ్గర నాన్న నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. నోరు కొంచెం తెరిచి గురక పెడుతున్నాడు. చెయ్యి ఉలి బిగించిన చట్రం మీద ఉంది. కర్ర గిర్రున తిరుగుతోంది. ప్లగ్గు... ప్లగ్గు నేల మీద పడేసిన చోటే ఉంది. లైటు వేసి మరీ చూశా.

అరవాలి. అరవలేను. అరిస్తే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే చెయ్యి మెషిన్లోకి పోతుంది. నిద్రలో ఉన్నవాణ్ణి మెషిన్ దగ్గర ఎలా లేపుతారు? చెప్పండి. నాకు తెలీలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డా.

కర్ర దానంతటదే నెమ్మదించి ఆగింది.

నాన్న నా వైపు తిరిగాడు. కళ్ళు తెరవలేదు.

"చెయ్యి ఇవ్వండి" అన్నాడు. కస్టమర్లని అడుగుతాడే, ఆ గొంతు.

"నాన్నా... నేను..."

"చెయ్యి."

ఎడమ చెయ్యి ఇచ్చా. ఎందుకిచ్చానో అడక్కండి. ఆయన నిద్ర చెడిపోతుందేమో అని. నిజంగా అదే ఆలోచన. నా చెయ్యి పట్టుకుని నీలం చాక్ రుద్దాడు. అరచేతికి. వంకర బొటనవేలికి. చూపుడువేలు... మధ్యవేలు... ఉంగరంవేలు... ఒక్కోదానికి మెల్లిగా, జాగ్రత్తగా. చాక్ పక్కన పెట్టేశాడు.

"చిటికెన వేలు మర్చిపోయావు నాన్నా" అని గుసగుసగా అన్నా.

"అది అక్కర్లేదు" అన్నాడు.

కళ్ళు మూసుకునే ఉన్నాడు. గురక మధ్యలో అన్నాడు.

నా చేతిని పచ్చి కర్ర మీద పెట్టి నొక్కాడు. నీలం మచ్చలు పడ్డాయి. వాటిని చూసి, కళ్ళు మూసుకునే చూసి, తలూపాడు. మెల్లిగా నడిచి మంచం మీద పడుకున్నాడు. కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. పైన బంతులు టక్ టక్.

అప్పుడు నేను మా పట్టింపు తప్పా. కౌంటర్ మీది పాత కర్రని పిడి దగ్గర పట్టుకున్నా. గుంటల్లో నా వేళ్ళు పెట్టా. బొటనవేలి వంకర కూడా సరిపోయింది. చెప్పులో కాలు పెట్టినట్టు. ఒక్క చిటికెన వేలి కింద మాత్రం గుంట లేదు. అక్కడ వార్నిష్ అలాగే ఉంది. ఇన్నేళ్ళలో అక్కడ ఎవరి వేలూ పడలేదు.

సాయంత్రం నాన్న లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. "ఎంత హాయిగా పట్టిందే నిద్ర! ఏమైంది, అలా ఉన్నావేం?" ఏమీ గుర్తులేదు. మెషిన్‌కి ఉన్న కర్ర చూసి, "ఇదెప్పుడు మొదలుపెట్టా?" అని తల గోక్కున్నాడు. గీతలు చూసి అలవాటుగా సాండ్‌పేపర్ తీశాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ పక్కన పెట్టేశాడు.

నేను ఆ కర్ర తీసి బీరువా వెనక దాచా. ఆ రాత్రి నాన్న పడుకోలేదు. మర్నాడూ లేదు. మళ్ళీ గోడకి ఆనుకుని, కళ్ళు తెరుచుకునే కూర్చున్నాడు. చూడలేకపోయా. తెచ్చి మెషిన్‌కి పెట్టేశా. పెట్టగానే వెళ్ళి పడుకున్నాడు. కాసేపటికి ర్ర్ర్ర్... టిక్. నేను దుప్పటి కప్పుకుని పడుకుని విన్నా. కొంచెం కొంచెం అవుతోంది కర్ర. తెల్ల మొనలు అతికాయి. పిడి తప్ప అంతా అయింది.

ఇవాళ మధ్యాహ్నం ఆవిడొచ్చింది. వాన. తలుపు ఒక్క తన్నుకే తెరుచుకుంది.

"దొరికాడా?" అంది.

"మా నాన్నే" అన్నా.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "పడుకున్నాడా?"

"పడుకున్నాడు."

"అమ్మయ్య" అంది. అచ్చం నాన్న అన్నట్టు. మెషిన్ మీది కొత్త కర్ర వైపు చూసింది, దగ్గరికి మాత్రం పోలేదు. చెక్క అడ్డు వైపు తిరిగింది. లోపల గురక వినపడుతోంది. "కాసేపు నిలబడి వింటానమ్మా. ఏమనుకోవుగా?"

విననిచ్చా. కళ్ళు మూసుకుని వింది. తర్వాత పాత కర్రని చంకలో ఇరికించుకుని, కుడిచేత్తోనే మర విప్పి రెండు ముక్కలు చేసి సంచిలో పెట్టుకుంది. ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యనేలేదు.

"మీరెవరండీ?" అన్నా.

"ఆయన పడుకోవాలి. నేను ఆలస్యం చేశాను. నువ్వు ఆలస్యం చెయ్యకు" అంది. అంతే. తలుపు పిడి కొంచెం పైకెత్తి, కింద మూల మీద కాలితో తన్ని, వెళ్ళిపోయింది.

ఇదీ కథ. భయమేసిందా? వెయ్యకపోతే పోండి.

ఇప్పుడు వాన ఇంకా పడుతోంది. అమ్మ డ్యూటీలో ఉంది. కరెంటు పోయి చాలాసేపయింది, ఫోన్ చార్జింగ్ కూడా అయిపోవస్తోంది. లోపల మెషిన్ తిరుగుతోంది. ఈసారి ఆగట్లేదు. గురక మధ్యలో "చెయ్యి ఇవ్వండి" అని వినపడుతోంది, మర్యాదగా, మెల్లిగా.

ఆయన గొంతు ఎంత అలిసిపోయిందో మీకు తెలీదు.

వెళ్తున్నా. అయినా చిటికెన వేలు దేనికి పనికొస్తుంది చెప్పండి... టైపింగ్‌కి కూడా బొటనవేళ్ళే కదా.